నిమ్మళమైన స్వరం గురించి రాసేటప్పుడు

తమ్ముడికి,

ప్రభువు పేరిట వందనాలు. సంఘ పత్రికకు నువ్వు రాసిన ధ్యానం చదివాను. ఒక్క పేజీలో కీర్తన 46:10, యెషయా 30:15, హబక్కూకు 2:20, మార్కు 1:35, మొదటి రాజులు 19:12. ఊరకుండమని చెబుతూనే పాఠకుణ్ని ఐదు చోట్లకు పరుగెత్తించావు. నాలుగు తీసెయ్, మొదటి రాజులు 19లోని ఏలీయా ప్రవక్తను ఉంచు.

అతని అధ్యాయం మొదటి నుంచి చదువు. దేవుని నిమ్మళమైన స్వరం వినకముందు ఏలీయా బదరీవృక్షం కింద చావు కోరుకుని పడుకున్నాడు. దేవదూత తట్టి లేపితే తిని, నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాడు. రెండోసారి తిన్నాకే 40 రాత్రింబగళ్లు హోరేబు కొండకు నడిచాడు. అలసిన ఒంటికి ముందు దొరికింది రొట్టె, నిద్ర. మనవాళ్లు ఈ భాగం దాటేస్తారు. అందుకే చదివినవాళ్లు రాత్రి పదింటికి బైబిల్ ముందు కునికిపాట్లు పడుతూ తమకు భక్తి లేదని బాధపడతారు.

ఇంకోటి చూడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అన్న ప్రశ్న 9వ వచనంలో ఉంది, 13లోనూ ఉంది. ఏలీయా జవాబు 10లో ఏదో 14లోనూ అదే. స్వరం విన్నాక కూడా మొర మారలేదు. ఆ మొర మీదే దేవుడు పని అప్పగించాడు: తిరిగి వెళ్లు, హజాయేలును, యెహూను రాజులుగా, ఎలీషాను ప్రవక్తగా అభిషేకించు. "అతని హృదయం ప్రశాంతతతో నిండిపోయింది" అన్న నీ వాక్యం గ్రంథంలో లేదు, కొట్టెయ్.

"రోజూ కాసేపు మౌనంగా ఉండండి" అని ముగించావు. ఎలా ఉండాలో చెప్పాలి కదా! 12వ శతాబ్దంలో ఫ్రాన్సులో, ఏకాంతంలో మౌనంగా బతికే కార్తూసియన్ మఠానికి చెందిన సన్యాసి రెండో గీగో నాలుగు మెట్లు చెప్పాడు: చదవడం, నెమరువేయడం, ప్రార్థించడం, ఆ తర్వాత దేవుని సన్నిధిలో ఊరకే ఉండడం. ఐదారు వచనాలు చాలు. పైకి, మెల్లగా, రెండుసార్లు చదవమను. ఏ మాట దగ్గర మనసు ఆగితే అక్కడే నిలవమను. ప్రార్థన రెండు వాక్యాలు మించనక్కర్లేదు. చివరి మెట్టుకు మొదట్లో ఐదు నిమిషాలు పెట్టుకుంటే చాలు. ఆలోచనలు వస్తే వాటితో పోట్లాడకుండా ఆ మాట దగ్గరికే తిరిగి రావాలి. పుస్తకంగా ఉన్న బైబిలే మేలు, ఫోనులో అయితే రెండో వచనానికే వాట్సాప్ పైనుంచి దిగుతుంది. (ఆరాధనలోనూ ఇంతే. పాస్టరుగారు "మౌనంగా ప్రార్థిద్దాం" అన్న అర నిమిషానికే కీబోర్డు అందుకుంటుంది.)

రాసేవాళ్లకు వేరే చిక్కుంది. ఊరకుండే వేళలోనే మంచి వాక్యం తడుతుంది. పెన్ను అందుకున్నావా, ప్రార్థన అక్కడితో సరి, ఇక వ్యాసం మొదలైనట్టే. పెన్ను వేరే గదిలో పెట్టు. నిజంగా పనికొచ్చే వాక్యమైతే మధ్యాహ్నానికీ గుర్తుంటుంది.

"దేవుడు నాతో చెప్పాడు" అని మాత్రం తేలిగ్గా రాయకు. దేవుడు పిలిచినప్పుడు బాలుడైన సమూయేలు మూడుసార్లు ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. పిలుస్తున్నది యెహోవా అని గ్రహించింది చూపు మందగించిన ఆ ముసలి యాజకుడు. విన్నాననుకున్నది ముందు వాక్యంతో సరిచూడు, తర్వాత సంఘంలో నిన్ను మందలించగల పెద్ద ఒకరికి చెప్పు. ఆయన ఆగమంటే ఆ పేరా ఆపు, మిగతాది పంపు.

నీ అన్న