సార్ లాటెక్ నేర్చుకోమన్నారు, భయంగా ఉంది!

ప్రశ్న: నల్లగొండలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను. ప్రాజెక్టు రిపోర్టులో మధ్యలో ఒక సమీకరణం చేరిస్తే చాలు, వెనక నంబర్లన్నీ చేత్తో దిద్దుకోవాల్సి వస్తోంది. సార్ లాటెక్ (కోడ్ రాసి పేజీలు కూర్చుకునే సాఫ్ట్‌వేర్) వాడమన్నారు. తెరిస్తే అంతా కోడే, టెన్షన్‌గా ఉంది. అంత పాతది ఇప్పుడెందుకండీ?
– ఒక విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: పాతదే తమ్ముడూ. తన పుస్తకం ప్రూఫుల్లో అక్షరాలు నచ్చక కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ కనూత్ 1978లో టెక్ అనే అక్షరాలు కూర్చే ప్రోగ్రాం తెచ్చాడు. దానిమీద లెస్లీ లాంపోర్ట్ అనే మరో శాస్త్రవేత్త కట్టిందే లాటెక్. నీ బాధకు మందు అందులోనే ఉంది. సమీకరణానికి బ్యాక్‌స్లాష్ లేబుల్‌తో ఒక పేరు పెట్టు, దాన్ని ప్రస్తావించేచోట బ్యాక్‌స్లాష్ రెఫ్ రాయి. నంబరు అదే వేసుకుంటుంది. ఆ కోడ్‌ని మొదటిసారి నడిపితే నంబరు చోట రెండు ప్రశ్నార్థకాలు కనబడతాయి, కంగారుపడి చెరిపేయకు. ఇంకోసారి నడుపు.

గడియారం సెంటర్ దగ్గర డీటీపీ చేసే రోజుల్లో నేను లాటెక్‌లో '40% మంది' అని కొడితే 40 తర్వాత ఆ లైనంతా మాయం! పర్సెంట్ గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ లేకపోతే మిగతా లైను దానికి కనబడదని తెలిసేసరికి అర్ధరాత్రయింది. తెలుగు పేరాలుంటే లాటెక్‌లోనే యూనికోడ్ చదివే రకం జీలాటెక్ (XeLaTeX)‌తో నడుపు, యూనికోడ్ ఫాంట్ ఇవ్వు. ముందు ఒక్క పేజీ చెయ్యి, రిపోర్టు తర్వాత చూద్దాం.