గంజాయి మానేశాక నిద్ర పట్టట్లేదు, ఏదీ గుర్తుండట్లేదు: సమాధానం

అక్కా, మీ తమ్ముడు గంజాయి మానేసి పది రోజులైనా నిద్ర పట్టట్లేదని, చదివింది గుర్తుండట్లేదని రాశారు. టెన్షన్ పడకండి. గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ. అది మెదడులో జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్‌లో సీబీ1 గ్రాహకాలను (కణాల మీద ఇలాంటి పదార్థాలు అతుక్కునే చోట్లు) పట్టుకుంటుంది. రోజూ తాగితే ఆ గ్రాహకాలు తగ్గిపోతాయి. మానేశాక దాదాపు 4 వారాల్లో చాలావరకు కోలుకుంటాయి. నిద్రలేమి, పీడకలలు, చిరాకు మొదటి వారం బాగా ఎక్కువ. ఆకలి కూడా తగ్గొచ్చు. మా తమ్ముడైతే గంజాయి మానేసిన కొత్తలో రెండు ముద్దలు తిని కంచం పక్కకు తోసేసేవాడు. మూడో వారానికి పెరుగన్నం అడిగి మరీ పెట్టించుకున్నాడు. నిద్రమాత్రలు మీరే కొని ఇవ్వకండి, సాయంత్రం నుంచి టీ, కాఫీ ఆపండి. చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా, అందర్నీ అనుమానిస్తున్నా మాత్రం ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకు చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు.