పిట్‌లోకి రాకపోతే పిరికిదాన్నేనా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నా వయసు 22. వచ్చే నెల బెంగళూరులో ఒక హెవీ మెటల్ షో ఉంది. పెదనాన్న గారి పిల్లలు అన్నయ్య, అక్క, మేనత్త కొడుకు బావ, నేను, మా నలుగురికీ వాళ్లే టికెట్లు తీశారు. అన్నీ స్టాండింగే. స్టేజి ముందు జనం ఒకరినొకరు గుద్దుకుంటూ ఎగిరే గుండ్రాన్ని పిట్ అంటారు. ఆ సంగీతమంటే ఇంటర్ నుంచీ నాకు ప్రాణం. కానీ రెండేళ్ల కిందట కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల దగ్గర జనం మధ్య ఇరుక్కుపోయి ఊపిరాడక, చేతులు తిమ్మిరెక్కి, ఇక చచ్చిపోతాననుకున్నాను. ఆసుపత్రిలో ఈసీజీ తీసి ఏమీ లేదన్నారు. అప్పటి నుంచి రద్దీ అంటేనే తప్పించుకుంటున్నాను. బావ 'నీకు భజనలే కరెక్టు' అని వాట్సాప్ గ్రూపులో రోజూ ఏడిపిస్తున్నాడు. 'నా చెయ్యి వదలకు, సరాసరి పిట్ మధ్యలోకి తీసుకెళ్తా, దెబ్బకు భయం పోతుంది' అంటున్నాడు అన్నయ్య. ఇంట్లో మాత్రం స్నేహితురాలి పెళ్లని చెప్పాం. వెళ్లనా, మాననా?

జవాబు: వెళ్లండి. పిట్‌లోకి మాత్రం వద్దు. నలుగురూ కలిసి వెళ్లడం వేరు, నలుగురూ ఒకేచోట నిలబడడం వేరు. మీ ఇంట్లో ఈ రెండూ ఒకటే అనుకోవడంతోనే వచ్చింది చిక్కంతా.

ముందు కోటప్పకొండ సంగతి. ఈసీజీ బాగుందన్నారు కాబట్టి, మీరు చెప్పిన లక్షణాలు పానిక్ అటాక్‌వి అయ్యే అవకాశమే ఎక్కువ. భయంతో ఊపిరి వేగం పెరిగినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరి అందుకే. చిత్రమేమిటంటే, గాలి ఎక్కువగా పీలుస్తున్నప్పుడే గాలి అందడం లేదనిపిస్తుంది. పక్కనున్నవాళ్లు 'గట్టిగా గాలి పీల్చుకో' అంటారు చూడండి, అది సరిగ్గా తిరగబడే సలహా. చేయాల్సింది వదలడం. 4 అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో తీసుకుని, 6 అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. ఈ భయం దాదాపు 10 నిమిషాల్లో శిఖరానికి చేరి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. శిఖరం మీద ఉండగా మీరు పారిపోతే, 'పారిపోబట్టే బతికాను' అని ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది. రెండేళ్లుగా మీకు జరుగుతున్నది అదే. జనం లేనప్పుడు, ఇంట్లో పడుకున్నప్పుడు కూడా ఇలా వస్తుంటే మాత్రం ఈ జవాబుతో సరిపెట్టుకోకండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక రెండో భయం. ఇది మీ మనసులోది కాదు, మైదానంలోది, నిజమైనది. ఒక చదరపు మీటరులో నలుగురున్నంత వరకు మనిషి తన ఇష్టప్రకారం కదలగలడు. ఆరేడుగురు అయ్యేసరికి గుంపు బిందెలో నీళ్లలా ఊగుతుంది, ఎవరు ఎటు పోవాలన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. తొక్కిసలాట అని రాస్తాం గానీ, ఇలాంటి చోట్ల చాలామంది కాళ్ల కింద పడి కాదు, నిలబడి ఉండగానే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక పోతారు. దీనికి మెటల్ పాటలే కానక్కర్లేదు. 2023 జనవరి 1న మన గుంటూరులోనే కానుకల పంపిణీ దగ్గర ముగ్గురు మహిళలు పోయారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల బయట 11 మంది పోయింది క్రికెట్ సంబరంలో. 2011 అక్టోబరులో గుర్‌గావ్‌లో మెటాలికా అనే మెటల్ బ్యాండ్ షో రద్దయింది, స్టేజి ముందు బారికేడ్ నిలవకపోవడంతో. రెండు రోజులకే అదే బ్యాండ్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో షో చేసింది. అవే పాటలు, అదే రకం జనం. తేడా అంతా బారికేడ్లలో, గేట్లలో, ఏర్పాట్లలో ఉంటుంది. 'ఆ రాక్షస సంగీతానికి ఎందుకే' అని నాన్నగారంటే చెప్పాల్సిన మాట ఇదే.

అన్నయ్య వైద్యం రెండు విధాలా తప్పు. మొదటిది, ఈత రానివాణ్ణి ప్రకాశం బ్యారేజీ మీంచి తోస్తే ఈత రాదు, నీళ్లంటే భయం వస్తుంది. రెండోది, చెయ్యి పట్టుకోవడం. గుంపు ఊపు వచ్చినప్పుడు మీకు రెండు చేతులూ ఛాతీ ముందు కావాలి, బాక్సింగ్ చేసేవాడు పెట్టుకున్నట్టు, మోచేతులు ఒంటికి ఆనించి. పక్కటెముకలు కదలడానికి ఆ జానెడు చోటే ఊపిరి. ఒక చెయ్యి అన్నయ్య గుప్పిట్లో ఉంటే ఆ చోటు పోతుంది, ఆయన పడితే మీరూ పడతారు. ప్రేమతోనే అన్నాడు, అందులో అనుమానం లేదు.

చేతిలో నాలుగు వారాలున్నాయి, భయాన్ని మెట్లుగా దింపుకోండి. ఇంట్లో రోజూ 5 నిమిషాలు ఆ 4-6 ఊపిరి సాధన చేయండి. భయం లేనప్పుడు అలవాటు చేసుకుంటేనే ఉన్నప్పుడు పనికొస్తుంది. మొదటి వారం సాయంత్రం పూట పట్నం బజారులో ఒక గంట. రెండో వారం ఆఫీసులు వదిలే వేళ విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సెక్కి, సీటు దొరక్కపోయినా దిగకుండా నిలబడి రండి. మూడో వారం ఆదివారం సాయంత్రం విజయవాడ బీసెంట్ రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి, రెండుసార్లు. నాలుగో వారం కొత్తగా విడుదలైన సినిమాకి, సీటు వరస చివర కాదు, నడిమధ్యన. స్పీకర్ల బరువైన దరువు గుండెలో కొడుతుంటే అది గుండెదడ కాదని ఒంటికి తెలియాల్సింది అక్కడే. ప్రతిచోటా భయానికి పదికి మార్కులు వేసుకోండి. 8 ఉన్నప్పుడు బయటికి రాకండి, 4కి దిగాక రండి. ఒక మెట్టు దగ్గర ఆగిపోతే అదే వారం మళ్లీ చేయండి. నాలుగో మెట్టు అందకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే మీరు నిలబడబోయే చోటు పిట్ కాదు.

ఏ చోటంటే, స్టేజికి ఎదురుగా, మైదానం మధ్యలో లేదా కాస్త వెనగ్గా సౌండ్ ఇంజనీర్లు కూర్చునే గుడారం ఒకటి ఉంటుంది. చుట్టూ బారికేడ్ కడతారు. పాటను వాళ్లు తమ చెవికి సరిపడేలా కలుపుతారు కాబట్టి అక్కడ గిటారూ గొంతూ విడివిడిగా, శుభ్రంగా వినిపిస్తాయి. నిజానికి స్టేజి ముందు నిలబడ్డవాళ్లకంటే మీకే మంచి పాట అందుతుంది, ఇది బావకి చెప్పండి. దాని ముందు వైపు మాత్రం నిలబడకండి, జనం వెనక్కి జరిగితే మీకూ బారికేడుకీ మధ్య సందు ఉండదు. వెనకాలో, పక్కనో నిలబడండి. గేట్లు తెరిచిన కాసేపటికే లోపలికి వెళ్లి, బయటికి పోయే దారులు రెండు చూసి పెట్టుకోండి. వచ్చిన గేటు ఒక్కటే గుర్తుంటే చాలదు, అందరికీ అదే గుర్తుంటుంది, అందరూ దాని మీదికే వస్తారు.

గుంపు బిగుస్తోందని తెలిసేది ఇలా. ముందు, చెయ్యెత్తి ముఖం తుడుచుకోవడం కష్టమవుతుంది. తర్వాత నాలుగు పక్కలా మనుషులు ఆనుతారు. ఆ తర్వాత మీరు అడుగు వేయకుండానే కదిలిపోతుంటారు. మొదటి గుర్తుకే కదలండి, మూడోదాకా ఆగకండి. ఊపుకి ఎదురు తోయకండి. ఊపు వెళ్లిపోయి గుంపు వదులైన ఆ రెండు క్షణాల్లో ఏటవాలుగా, పక్కకీ వెనక్కీ, రెండేసి అడుగులు వేయండి. ఫోను పడితే పడనివ్వండి, వంగొద్దు. పడిపోయి లేవలేకపోతే పక్కకి తిరిగి ముడుచుకుని తలకి చేతులు అడ్డం పెట్టుకోవాలి.

పిట్ ఇష్టమైన బావకీ అన్నయ్యకీ కూడా ఒక మాట. బయటినుంచి కొట్లాటలా కనిపించే ఆ గుండ్రంలో కట్టుబాటు ఉంది. పడినవాణ్ణి చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే లేపాలి, మోచేతులు ఎత్తకూడదు, ఇష్టం లేనివాళ్లని లోపలికి లాగకూడదు. మిమ్మల్ని లాక్కెళ్తానంటున్న అన్నయ్య ఆ చివరి నియమం వినలేదులా ఉంది. తల ఊపడం గురించి కూడా 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క కట్టారు. ఇలాంటి పాటల సగటు వేగం నిమిషానికి 146 బీట్లు, అంటే తాళం దరువులు, ఆ వేగంలో తల 75 డిగ్రీలు దాటి ఊగితే మెడకీ తలకీ దెబ్బ తగలొచ్చని. కాస్త తక్కువగా ఊపండి, లేదా ఒక బీటు వదిలి ఒక బీటుకి ఊపండి. తెల్లారి మెడ తిరగక రైల్లో మూలగడం తప్పుతుంది.

చెవుల విషయంలో మొహమాటం వద్దు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని చెవి 8 గంటలు ఓర్చుకుంటుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగమవుతుంది, 100కి చేరేసరికి 15 నిమిషాలే మిగులుతుంది. మెటల్ షోలో 100 దాటడం మామూలే. దూది పనికిరాదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కొనండి, నలుగురికీ. పెట్టుకోవడంలోనే చాలామంది తప్పు చేస్తారు. పొడి చేతులతో ప్లగ్గుని ముడతలు పడకుండా సన్నగా వత్తిలా చుట్టాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగితే దారి తిన్నగా అవుతుంది. అప్పుడు ప్లగ్గు లోపలికి పోనిచ్చి, ఉబ్బే వరకు 30 సెకన్లు వేలితో ఆపి ఉంచాలి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. సగం బయటికి కనిపిస్తుంటే అది అలంకారమే. షో అయ్యాక చెవుల్లో గుయ్‌మనడం మర్నాటికి తగ్గాలి. రెండో రోజుకీ ఉంటే, ఒక చెవి వినికిడి తగ్గినట్టనిపిస్తే ఇఎన్‌టీ డాక్టరు దగ్గరికి వాయిదా వేయకుండా వెళ్లండి.

మిగతావి గబగబా. లేసులున్న బూట్లు, చెప్పులొద్దు. చున్నీ, వేలాడే చెవిపోగులు గదిలో వదిలేయండి. జుట్టు ముడి వేయండి. నీళ్ల సీసా, పవర్ బ్యాంకు లోపలికి రానివ్వకపోవచ్చు, టికెట్ మీది నిబంధనలు చదవండి. మధ్యాహ్నం కడుపునిండా తినండి. ఎనర్జీ డ్రింకులు, వరసగా కాఫీలు వద్దు, గుండెదడని అవే తెస్తాయి. నిద్రలేమి కూడా అంతే. ప్రశాంతి లాంటి రాత్రి రైల్లో వెళ్తే, దిగిన రోజే షో పెట్టుకోకుండా ఒక రోజు ముందు చేరండి. షో ముగిసిన రాత్రే తిరుగు రైలు కూడా వద్దు. అందరూ ఒకేసారి గేటు మీద పడతారు, 20 నిమిషాలు లోపలే ఆగి బయల్దేరాలి కదా.

అంతమంది ఒకచోట చేరితే ఫోన్లు పనిచేయవు. అందుకని 'లోపల ఫోన్ చేసుకుందాం' అన్నది ఏర్పాటు కాదు. లోపల కలిసే చోటు ఒకటి, సౌండ్ గుడారం వెనక. బయట కలిసే చోటు ఒకటి, గేటుకి కాస్త దూరంగా ఏదైనా గుర్తున్న కొట్టు. పెద్ద బ్యాండ్ ఎక్కే ముందు విరామంలో నలుగురూ గుడారం వెనక తప్పనిసరిగా కలవాలి. ఒకరి నంబరు చీటీ మీద రాసి అందరి జేబుల్లో పెట్టండి, ఫోను పోతే నంబర్లన్నీ దాంతోనే పోతాయి.

పెళ్లి అబద్ధం మాత్రం విప్పేయండి. నీతి కోసం కాదు. ఏదైనా జరిగితే మీరెక్కడున్నారో గుంటూరులో ఒక్కరికైనా తెలిసుండాలి. పైగా, ఎప్పుడు బయటపడుతుందోనన్న బెంగ పానిక్‌కి మంచి ఎరువు. మీరు ఒంటరిగా నాన్నగారి ముందు నిలబడక్కర్లేదు. టికెట్లు తీసింది వాళ్లు కాబట్టి అన్నయ్యే వచ్చి, 'బాబాయ్, బెంగళూరులో పాటల షో ఉంది, ఇదిగో టికెట్, ఇదిగో గది అడ్రసు, ఇది తిరుగు రైలు, చెల్లి వెనక వైపు నిలబడుతుంది' అని చెప్పాలి. రెండు రోజులు అరుస్తారు. పెళ్లి కాదని తర్వాత తెలిస్తే అంతకంటే ఎక్కువ రోజులు అరుస్తారు, ఇంకో షోకి తలుపు మూసుకుపోతుంది.

బావతో గ్రూపులో వాదించకండి, అక్కడ ఆయనకి ప్రేక్షకులున్నారు. విడిగా ఫోన్ చేసి, 'బావా, తిరునాళ్లలో ఏం జరిగిందో నీకు పూర్తిగా చెప్పలేదు' అని మొదలుపెట్టి ఆ పది నిమిషాలూ ఉన్నదున్నట్టు చెప్పండి. చేతులు తిమ్మిరెక్కిన సంగతి కూడా. తెలియక ఏడిపించేవాడైతే అక్కడితో ఆపేస్తాడు. తెలిశాక కూడా ఏడిపిస్తే అప్పుడు గ్రూపులోనే ఒక్క వాక్యం రాయండి: 'నేను సౌండ్ గుడారం వెనక ఉంటాను, పిట్ సంగతి మళ్లీ ఎత్తితే నా టికెట్ ఎవరికైనా ఇచ్చేయండి.' రాసిన దానికి కట్టుబడండి.

మీ ఉత్తరంలో ఒకరి మాట ఎక్కడా లేదు, అక్కది. అన్నయ్య ఏమన్నాడో, బావ ఏమన్నాడో రాశారు గానీ ఆమె ఎక్కడ నిలబడాలనుకుంటోందో మీరు అడిగినట్టు లేదు. మీ పక్కన ఒక మనిషి ఉంటే ఈ ఏర్పాటంతా సగం తేలికవుతుంది. అబ్బాయిలిద్దరూ పిట్ అంటుంటే ఆమె కూడా పైకి తలూపుతూ ఉండొచ్చు. ఈ సాయంత్రం ముందు ఆమెకి ఫోన్ చేయండి.