ఆర్‌సీ పుస్తకం నంద్యాలలో ఎందుకుంది?

ప్రశ్న: నా వయసు 46. కర్నూలు పాతబస్తీలో సొంత ఇల్లు. మా నాన్న 2021లో పోయారు. ఆయన బండి మెట్ల కింద అలాగే ఉంది. రాజ్‌దూత్ జీటీఎస్, అందరూ బాబీ బండి అంటారు గదా, అది. 1978లో కొన్నది. చిన్న చక్రాల వింటేజ్ బండి. ఇప్పుడు నడవదు. 2009 వరదలో నాన్న, మా చెల్లెలు కలిసి దాన్ని మిద్దె మీదికి ఎక్కించి కాపాడినారు. నేనప్పుడు హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను.

రెండు నెలల క్రితం మా వీధిలో పెళ్ళికి వచ్చిన ఒక పెద్దాయన ఆ బండిని చూసి అక్కడే మెట్ల కింద కూర్చుండిపోయారు. గుంతకల్లులో రైల్వేలో చేసి రిటైరైనారు. వాళ్ళన్నకు ఇలాంటి బండే ఉండేదట. అన్న మిలిటరీలో ఉండగా ఇంట్లో డబ్బు అవసరమై, ఆయనకు చెప్పకుండా ఈయన అమ్మేశారట. అన్న సెలవులో వచ్చి ఖాళీ చోటు చూసి ఒక్క మాట కూడా అనలేదట. ఆ అన్న ఇప్పుడు లేరు. ట్యాంకు మీద చెయ్యి పెట్టి ఏడ్చేశారు. ఎనభై వేలు ఇస్తానంటున్నారు, ఇప్పటికి నాలుగుసార్లు వచ్చారు. మా ఆవిడ ఇచ్చేయమంటుంది. నాకూ జాలేస్తుంది, కానీ ఆ ఏడుపు నిజమేనా, కొని ఎక్కువకు అమ్ముకుంటారా అని టెన్షన్.

ఇంకో చిక్కు. ఆర్‌సీ పుస్తకం నంద్యాలలో మా చెల్లెలి దగ్గర ఉంది. నాన్న పోయినాక ఇంటి మీద హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టడానికి వచ్చిన రోజు, బీరువాలోంచి తీసుకుపోయింది. ఎందుకో తెలీదు. ఆ తర్వాత రాకపోకలు తగ్గినాయి. అమ్మ మాత్రం రోజూ “పాపకు చెప్పినావా” అంటుంది. ఆర్‌సీ పోయిందని స్టేషన్లో రాసిచ్చి డూప్లికేట్ తీసుకుంటే సరిపోతుందా? ఆయన్ను నమ్మి బండి అమ్మొచ్చా? పదివేలు అడ్వాన్సు కూడా తీసుకున్నాను.

జవాబు: బండి అమ్మినా నష్టం లేదు, అమ్మకపోయినా నష్టం లేదు. మీరడిగిన దానికి నా జవాబు ఇంతే.

ఆ పెద్దాయన ఏడుపు నిజమా నటనా అని తేల్చి చెప్పడం నావల్ల కాదు. నాలుగుసార్లు గుంతకల్లు నుంచి వచ్చిపోయే వ్యాపారి ఉంటాడా అంటే ఉండొచ్చు. ఉన్నా మీకేం? కొన్నాక ఆయన దాన్ని హాల్లో పెట్టుకుంటాడో, లాభానికి ఇంకొకరికి ఇస్తాడో ఆయనిష్టం. ఆయన బాధ నిజమే అనుకుందాం. అయినా ఆ బాధకు మీరేమీ బాకీ లేరు. పరాయి మనిషి కన్నీళ్ళు పెట్టుకుంటే మన వస్తువు ఇచ్చేయాలన్న రూలు ఎక్కడా లేదు.

జాగా చాలక ఇక్కడ కుదించాను గానీ మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో గుంతకల్లు ఆయనకు పేజీన్నర ఇచ్చారు. ఆయన జేబురుమాలు రంగు కూడా రాశారు. మీ చెల్లెలికి ఎంత చోటు ఇచ్చారో లెక్కపెట్టాను. అరపేజీ. అందులో రెండు ఆమె మీద ఫిర్యాదులు. అందుకే నేను బండిని పక్కన పెట్టి నంద్యాల గురించి మాట్లాడతాను. మీకు నచ్చదని తెలుసు.

బాబీ బండి నాకు తెలియనిది కాదు. 1973లో ‘బాబీ’ సినిమాలో రిషి కపూర్ ఎక్కిన దగ్గర్నుంచి ఎస్కార్ట్స్ కంపెనీ పెట్టిన పేరును జనం మర్చిపోయి, సినిమా పేరే ఖాయం చేశారు. మా అనంతపురంలో టవర్ క్లాక్ చుట్టూ ఒకాయన దాని మీద తిరుగుతుండేవాడు. పొడుగు మనిషి. కూర్చుంటే మోకాళ్ళు చెవుల దాకా వచ్చేవి. వెనక నీలం పొగ, ముందు ఆయన నవ్వు. పిల్లలం పగలబడి నవ్వేవాళ్ళం, కానీ ఒక్కసారి ఎక్కించుకుంటే చాలని లోపల ఉండేది. మీ చెల్లెలికి ఆ కొరత లేదు. నాన్న ముందు ట్యాంకు మీద కూర్చుని బడికి పోయేదని మీరే రాశారు. మీకు సైకిల్ కొనిపెట్టారు కాబట్టి మీరు సైకిల్ మీద పోయేవారట. ఆ వాక్యంలో కొంచెం పులుపు ఉంది, గమనించారా? నలభై ఏళ్ళు దాటినా పోలేదు.

ఇప్పుడు వరద సంగతి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. ఆ రోజులు చూసిన వాళ్ళెవరూ ఆ బురద వాసన మర్చిపోలేదు. మీ ఇంట్లో నీళ్ళు నడుముదాకా వస్తుంటే మీ నాన్న బీరువా వదిలేసి బండిని పట్టుకున్నారు. కొత్తగా కొన్న టీవీ కూడా వదిలేశారు. ఆ ఇరుకు మెట్ల మీద ముందు చక్రం ఆయన, వెనక చక్రం మీ చెల్లెలు. పక్కింటి అబ్బాయిలు వచ్చేదాకా ఇద్దరే మోశారట. ఆమె అప్పుడు మూడు నెలల పసిపిల్లను అమ్మ చేతిలో పెట్టి వచ్చింది. పచ్చి బాలింత! నీళ్ళు తీసినాక వారం రోజులు పాత పళ్ళ బ్రష్షు, గిన్నెడు కిరసనాయిలు ముందు పెట్టుకుని కార్బురేటర్లోంచి బురద తీస్తూ కూర్చుంది. ఇదంతా మీరే రాశారు. “ఆమెకు ఆ బండంటే పిచ్చి” అని చివర్లో తేల్చేశారు.

అది పిచ్చి అయితే, దాని ముందు కూర్చుని ఏడ్చిన గుంతకల్లు ఆయనది ఏమిటి? ఆయన ఏడిస్తే మీకు జాలేసింది. చెల్లెలు వారం రోజులు తోమితే పిచ్చి అయింది. ఇంటి ఆడపిల్ల ప్రేమ ఎప్పుడూ ఇంట్లోవాళ్ళకు చవకే.

ఆర్‌సీ పుస్తకం ఎందుకు తీసుకుపోయిందో తెలీదన్నారు. తెలీకపోవడం ఏమిటండీ? ఆ రోజు ఏం జరిగిందో మీ ఉత్తరంలోనే ఉంది. పొద్దున పది గంటలకు బస్సు దిగింది. మీరు రిజిస్ట్రార్ ఆఫీసుకు పిలుచుకుపోయారు. సంతకం పెట్టింది. ఇంటికొచ్చి అన్నం తిన్నది. మీ భార్య చీర పెట్టింది, మీరు పదివేలు చేతిలో పెట్టారు. (ఆ పదివేలు, ఈ అడ్వాన్సు పదివేలు సరిగ్గా ఒకటే కావడం నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది, చెప్పకుండా ఉండలేను.) సాయంత్రం బస్సుకు పోయేముందు బీరువా తెరిచి ఆ పుస్తకం తీసుకుంది. ఇల్లు మొత్తం వదిలేసి, నాన్న పేరున్న ఒక్క కాగితం తీసుకుపోయింది. మీరు అడగలేదు, ఆమె చెప్పలేదు.

నేనూ ఒకసారి అలాంటి సంతకం పెట్టినదాన్నే. ముప్పై ఏళ్ళు దాటింది. వేలిముద్ర కూడా వేయించుకున్నారు. సిరా తుడుచుకోవడానికి గుడ్డ అడిగితే మా అన్న “బయట కొళాయి ఉంది పో” అన్నాడు. మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు, తొందరలో అన్నాడు. కొళాయిలో నీళ్ళు లేవు. పైట చెంగుకు తుడుచుకున్నాను. ఆ చీర తర్వాత ఎప్పుడూ కట్టలేదు. మా అన్న మంచివాడే, ఇప్పటికీ పండగకు ఫోన్ చేస్తాడు. కానీ ఆ కొళాయి మాట ఆయనకు గుర్తు లేదు, నాకుంది. అందుకని ఈ విషయంలో నేను మధ్యస్థంగా ఉంటానని మీరు ఆశించొద్దు.

మనవైపు ఆడపిల్ల సంతకం పెట్టడం మర్యాద, అడగడం గయ్యాళితనం. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా భాగం 1956 చట్టం నుంచే ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూడా పెళ్ళికాని ఆడపిల్లలకు మన రాష్ట్రంలో 1985 నుంచి ఇచ్చారు, 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ వచ్చింది. అయినా మన ఇళ్ళలో చీరా సారెతో లెక్క తేల్చేస్తాం. మీ చెల్లెలు కోర్టుకు పోలేదు, నోరెత్తలేదు. రాకపోకలు “తగ్గినాయి” అన్నారు. ఎవరు తగ్గించారు? ఆ తర్వాత మీరు నంద్యాలకు ఎన్నిసార్లు పోయారో ఉత్తరంలో లేదు. పోయి ఉంటే రాసేవారే. కర్నూలు నుంచి డెబ్భై కిలోమీటర్లు. 2022 నుంచి నంద్యాల వేరే జిల్లా అయితే అయింది గానీ చెల్లెలు వేరే దేశం కాలేదు గదా.

ఇక డూప్లికేట్ ఆర్‌సీ. అది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. చెల్లెలి ఇంట్లో ఉన్న కాగితాన్ని పోయిందని పోలీస్ స్టేషన్లో అబద్ధం రాసిస్తారా? అది నేరం, అది వేరే సంగతి. రేపు ఆమెకు తెలిస్తే ఏమనుకుంటుంది? నాన్న గుర్తుగా తను దాచుకున్నదాన్ని అన్న పోలీసుల దగ్గర “పోయింది” అని రాసిచ్చాడనుకుంటుంది. ఇంకొకటి. ఆమె ఇంటి మీద హక్కు వదులుకుంటూ రాసిన కాగితంలో ఇల్లే ఉంటుంది, బండి ఉండదు. మీ నాన్న వీలునామా రాయలేదన్నారు కాబట్టి ఆ బండి మీ అమ్మది, మీది, మీ చెల్లెలిది, ముగ్గురిదీ. నాన్న పేరు మీద ఉన్న బండిని ముందు వారసుల పేరుకు మార్చాలి, దానికి ఫారం 31. మిగతా వారసుల అంగీకారం లేకుండా ఆర్టీవో ఆఫీసులో అది కదలదు. ఆ తర్వాతే అమ్మకానికి ఫారం 29, 30. ఇవేవీ లేకుండా తెల్ల కాగితం మీద సంతకం చేసి బండి ఇచ్చేస్తే, రేపు గుంతకల్లులో ఆయన బాగుచేయించి రోడ్డెక్కించి ఎవరినైనా గుద్దితే రికార్డులో ఉండేది మీ నాన్న పేరు. అన్నట్టు, చట్టం లెక్కలో అది ఇంకా వింటేజ్ బండి కూడా కాదు. రిజిస్టరై యాభై ఏళ్ళు నిండాలి.

అంటే మీ చెల్లెలి దగ్గరికి పోకుండా ఈ పని జరగదు. ఆ సంగతి మీకు ముందే తెలుసని నా అనుమానం. తెలిసే నాకు రాశారు. నేను “డూప్లికేట్ తీసుకోండి బాబూ, ఏం ఫర్వాలేదు” అంటే నా మీద పెట్టేసి పని కానిచ్చేద్దామని.

గుంతకల్లు ఆయన కథ మీరు శ్రద్ధగా రాశారు, కానీ విన్నారా అని నా సందేహం. ఇంట్లోవాళ్ళను అడగకుండా బండి అమ్మిన మనిషి ఇన్నేళ్ళకు ఎవరో పరాయివాళ్ళ మెట్ల కింద కూర్చుని ఏడుస్తున్నాడు. వాళ్ళన్న తిట్టి ఉంటే ఇంత మిగిలేది కాదేమో. మీరు ఆయనకు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, ఆయన చేసిన పనే చేయడానికి నన్ను పర్మిషన్ అడుగుతున్నారు.

మీ అమ్మ రోజూ “పాపకు చెప్పినావా” అనేది బండి గురించే అనుకుంటున్నారా? డెబ్భై రెండేళ్ళ మనిషి, కొడుకు ఇంట్లో ఉంటూ, కూతురిని పిలువురా అని నేరుగా అడగలేదు. కోడలు వింటుంది, కొడుకు విసుక్కుంటాడు. బండి దొరికింది కాబట్టి దాని వంకతో అడుగుతోంది.

బండిని పూజించమని నేను చెప్పడం లేదు. అది ఇనుము. మెట్ల కింద ఇంకో పదేళ్ళు పెడితే ట్యాంకు లోపలి తుప్పు దాన్ని తినేస్తుంది, ఎవరికీ కాకుండా పోతుంది. మీ చెల్లెలు సరే అంటే సంతోషంగా ఆ పెద్దాయనకే ఇవ్వండి, బాగా చూసుకుంటాడనే నాకూ అనిపిస్తోంది. ఆ ఎనభై వేలు మాత్రం, నన్నడిగితే, ఆమెవే. మీరు ఇల్లు తీసుకున్నారు. మీ ఆవిడకు ఈ మాట నచ్చదు, చదివి వినిపించాల్సిన పని లేదు. చెల్లెలు వద్దు అంటే వద్దే, బతిమాలొద్దు. నాకు కావాలి అంటే ఒక టాటా ఏస్ మాట్లాడి, మీ ఖర్చుతో, తాళ్ళతో గట్టిగా కట్టించి నంద్యాల పంపించండి. వాళ్ళింట్లో చోటుందా, ఆమె భర్త ఏమంటాడు అనేది మీ తలనొప్పి కాదు.

అమ్మను వెంటబెట్టుకుని పోండి, భార్యను కూడా. ఒడిబియ్యం పెట్టి చాలా రోజులై ఉంటుంది, పెట్టండి. ఆ రాత్రి అక్కడే పడుకోండి. మొదటి రోజు బండి మాట, ఆర్‌సీ మాట ఎత్తొద్దు. ఎత్తితే దానికోసమే వచ్చారనుకుంటుంది, అనుకోవడం తప్పు కూడా కాదు. రెండోసారి పోయినప్పుడు అడగండి. అది నెల పట్టొచ్చు, ఉగాది దాకా పట్టొచ్చు.

అంతదాకా ఆ పెద్దాయన డబ్బు మీ దగ్గర ఉండకూడదు. రేపు పొద్దున్నే ఫోన్ చేసి, “మా చెల్లెలిని అడగాలి, అడిగాక నేనే పిలుస్తాను” అని చెప్పి పదివేలు తిప్పి పంపండి. ఆయనకు ఎక్కువ వివరించాల్సిన పని ఉండదు.