ప్లేటులోనా, ప్లేటులోంచా?

సందేహం: నేను లండన్‌లో ఉంటాను. ఇక్కడ గూజ్ స్ట్రీట్‌లో 2005లో తెరిచిన సాల్ట్ యార్డ్ అనే రెస్టారెంటుకు ఈమధ్య స్నేహితులతో వెళ్లాను. స్పెయిన్, ఇటలీ తరహా వంటకాలు కొంచెం కొంచెంగా చిన్న ప్లేట్లలో ఇస్తారు, బల్ల దగ్గరున్న అందరూ కలిసి తింటారు. దాని గురించి ఒక తెలుగు పత్రికకు రాస్తూ ‘నలుగురం ఆరు చిన్న ప్లేట్లు షేర్ చేసుకున్నాం’ అన్నాను. అచ్చులో ‘నలుగురం ఆరు చిరు పళ్లేలను పంచుకున్నాం’ అని వచ్చింది. అది చదివి మా పెద్దమ్మ ‘అందరూ ఒకే పళ్లెంలో తిన్నారా, ఎంగిలి కాదూ?’ అని ఫోన్ చేసింది. ఆ వాక్యం తెలుగేనా? పంచుకోవడం అనే మాట ఆస్తికే గానీ తిండికి వాడకూడదని ఒకరన్నారు, నిజమేనా? ఇలా చిన్న ప్లేట్లలో వచ్చే స్పెయిన్ తిండిని తాపాస్ అంటారు, దానికి తెలుగులో మాట ఉందా? దాన్ని టాపస్ అని రాయాలా, తపాస్ అని రాయాలా?
– ఒక పాఠకురాలు, లండన్

సమాధానం: మీ వాక్యాన్ని దిద్దినవారు ‘షేర్’ అన్న మాట తీసేయాలనుకున్నారు, తీసేశారు. వాక్యం నడక మాత్రం ఇంగ్లీషుదే ఉండిపోయింది. మీరు మొదట రాసిన ‘చిన్న ప్లేట్లు’ అచ్చయిన ‘చిరు పళ్లేల’ కంటే తెలుగుకు చాలా దగ్గర.

ముందు ‘పంచు’ సంగతి చూద్దాం. ఇది మన సొంత ధాతువు. అయిదు అని అర్థమున్న సంస్కృత ‘పంచ’తో దీనికి చుట్టరికం లేదు. కన్నడంలోని ‘హంచు’ దీనికి తోబుట్టువు. మన పాలు అక్కడ హాలు, మన పులి అక్కడ హులి అయినట్టే మన పంచు అక్కడ హంచు. పంచడమంటే ఉన్నదాన్ని భాగాలు చేసి ఎవరి భాగం వాళ్లకు చేర్చడం. అంచేత ఈ క్రియకు కర్మగా వచ్చేది చేతులు మారి ఒక్కొక్కరికీ దక్కే వస్తువై ఉండాలి. పొలం పంచుకున్నారు, ప్రసాదం పంచారు, పెళ్లి కార్డులు పంచుతున్నారు అంటాం. అలాంటప్పుడు ‘పళ్లేలను పంచుకున్నాం’ అంటే తెలుగువాడికి ఏం తోస్తుంది? అన్నదమ్ములు వేరుపడుతూ ఇంట్లోని ఇత్తడి, కంచు సామాను ముందు పోసుకుని నీకు మూడు, నాకు మూడు అని వాటాలేసుకోవడం తోస్తుంది. మీరు తిన్న వంటకం ఆ వాక్యంలో ఎక్కడా లేదు.

ఇంగ్లీషు ‘షేర్’ రెండు పనులు చేస్తుంది. విడదీసి తీసుకోవడమూ అదే, ఒకేదాన్ని కలిసి వాడుకోవడమూ అదే. తెలుగు ఈ రెంటినీ వేరుగా ఉంచింది. మనం గదిని పంచుకోం, ఒకే గదిలో ఉంటాం. టాక్సీని పంచుకోం, ఒకే టాక్సీలో వెళ్లి కిరాయి పంచుకుంటాం. కష్టసుఖాలు పంచుకుంటాం, ఎందుకంటే ఎవరి వంతు భారం వాళ్ల మీద పడుతుంది కాబట్టి. ‘అభిప్రాయాలు పంచుకున్నారు’ అనేది ఇటీవలి వాడుక. అది స్థిరపడిపోయింది, దాన్ని తప్పనక్కర్లేదు. ‘ప్లేట్లు పంచుకున్నాం’ అన్నది మాత్రం ఇంకా మింగుడు పడని ప్రయోగమే.

ఇక తిండికి పంచుకోవడం వాడకూడదన్న మాట. ఇది పూర్తిగా తప్పు. భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు, గోపబాలురు యమున ఒడ్డున చల్దులు తినే ఘట్టంలో పోతన ఒక పిల్లవాడి చేత ‘పంచి యిడుట నెచ్చెలితనము’ అనిపించాడు. ఇన్ని ఉన్నప్పుడు తలా కాస్త పెట్టడమే స్నేహం అంటున్నాడా కుర్రవాడు. పక్కనే ఇంకొకడు వేరేవాడి కంచంలోది లాక్కుని గుటుక్కున మింగి, ఏదీ లేదే అని నోరు తెరిచి చూపిస్తాడు. పంచడం, లాక్కోవడం, ఊరించడం, పందెం వేసుకుని కూరుకోవడం, అన్నీ ఆ ఒక్క పద్యంలో ఉన్నాయి. తిండి విషయంలో ‘పంచు’ ఎంత పాతదో చెప్పడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు. గమనించవలసింది ఏమిటంటే, అక్కడ పంచుతున్నది చల్దినే, కంచాన్ని కాదు.

కలిసి తినడానికే ఇంకో మంచి మాట మనకుండేది, పొత్తు. పొత్తున కుడవడమంటే కలిసి భోంచేయడం. ఇప్పుడు ఆ మాట ఎన్నికల వార్తలకు వెళ్లిపోయింది. మీ వ్యాసంలో ‘నలుగురం పొత్తున తిన్నాం’ అని రాస్తే చదివేవాళ్లు ఆగిపోతారు కాబట్టి రాయమని చెప్పను. కానీ పొత్తు అనే స్నేహానికి ఒకప్పుడు అన్నం వాసన ఉండేదని తెలిసి ఉండటం మంచిది.

అయితే ఆ వాక్యం ఎలా చెప్పాలి? మీ ఇంట్లోవాళ్లకు నోటితో చెప్పేటప్పుడు ఎలా చెబుతారో ఒకసారి అనుకోండి. ‘రకానికో ప్లేటు తెప్పించుకుని తలా కాస్త తిన్నాం.’ ఇందులో షేర్ లేదు, పంచుకోవడమూ లేదు. అయినా పంచుకోవడమంతా ఇందులోనే ఉంది. ‘రకానికో’లోని ఆ చివరి ఓకారం, ‘తలా’ అన్న మాట, ఈ రెండే ఆ పని చేస్తున్నాయి. తలా అంటే తలకు, మనిషికి. తలసరి ఆదాయంలోని తల కూడా ఇదే.

ఈ పంపకం విషయంలో తెలుగు వ్యాకరణానికి ఉన్న సంపద చాలామంది గుర్తించరు. ఒక్కొక్కటి, రెండేసి, మూడేసి, నాలుగేసి అని సంఖ్యలకే మనకు పంపకపు రూపాలున్నాయి. ‘అందరూ రెండు తిన్నారు’ అంటే మొత్తం రెండే తిన్నారో, మనిషికి రెండు తిన్నారో అనుమానం రావచ్చు. ‘అందరూ రెండేసి తిన్నారు’ అంటే అనుమానానికి చోటే లేదు. నలుగురు కూర్చున్న బల్ల మీదికి ఎనిమిది క్రోకెత్తాలు, అంటే లోపల మెత్తని ముద్ద పెట్టి పైన రొట్టె పొడి అద్ది వేయించినవి, వచ్చాయనుకోండి. ‘రెండేసి వచ్చాయి’ అంటే చాలు, లెక్క తేలిపోయింది. మూడే వస్తే ‘తలొకటి కూడా రాలేదు’ అంటాం. ఇంత పొదుపుగా చెప్పే రూపాలు చేతిలో ఉండగా ‘ప్రతి ఒక్కరూ రెండు క్రోకెత్తాలను పంచుకున్నారు’ అని రాయడం భాషకు అన్యాయం. ‘ఏసి’ ఈమధ్య రాతలో తగ్గిపోతోంది. నా మట్టుకు నాకు అది చాలా బాధ కలిగించే విషయం.

ఇప్పుడు మీ పెద్దమ్మగారి ప్రశ్న. ఆవిడ అడిగింది ఆచారం గురించే అయినా, ఆ ప్రశ్న పుట్టింది ఒక ప్రత్యయం దగ్గర. ‘ఒకే ప్లేటులో తిన్నాం’, ‘ఒకే ప్లేటులోంచి తీసుకుని తిన్నాం’, ఈ రెంటికీ తేడా ‘లో’కూ ‘లోంచి’కీ ఉన్న తేడాయే. ‘లో’ అంటే తినడం అక్కడే జరిగింది, చెయ్యి నోటికి వెళ్లి మళ్లీ అక్కడికే వచ్చింది, కాబట్టి ఎంగిలి. ‘లోంచి’ అంటే అది వడ్డన పాత్ర, తినడం ఎవరి ప్లేటులో వాళ్లు. ‘ఒకే కంచంలో తిన్నవాళ్లు’ అని ప్రాణస్నేహితుల గురించి మనం గొప్పగా చెప్పుకునేది అక్కడ ‘లో’ ఉంది కాబట్టే, ఎంగిలి అన్న హద్దు కూడా వాళ్ల మధ్య లేదని చెప్పడానికే. ‘ఒకే కంచంలోంచి తిన్నవాళ్లు’ అంటే ఆ స్నేహం పలచబడిపోతుంది.

ఎంగిలి విషయంలో మన పిల్లలు కూడా ఎంత జాగ్రత్తగా మాటలు పుట్టించారో చూడండి. జామకాయ ఒక్కటే ఉంటే చొక్కా కొసను కాయ మీద కప్పి, బట్ట మీంచి కొరికి, విరిగిన ముక్క స్నేహితుడి చేతిలో పెడతారు. పన్ను తగిలింది బట్టకే, కాయకు కాదు. అది కాకెంగిలి, దానికి దోషం లేదు. పంచుకోవాలి, ఎంగిలి కాకూడదు అన్న రెండు కోరికలకూ కుదిరిన ఒప్పందమది. మీరు వెళ్లినలాంటి చోట బల్ల మధ్యలో ప్లేటు పెట్టి, పక్కన వడ్డించుకోవడానికి చెంచా ఉంచి, తలా ఒక ఖాళీ ప్లేటు ఇచ్చారంటే ఆ ఏర్పాటు కూడా ‘లోంచి’ కోసమే. కాబట్టి మీ వ్యాసంలో ‘మధ్యలో పెట్టిన ప్లేట్లలోంచి ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకున్నాం’ అని ఒక్క ముక్క ఉంటే మీ పెద్దమ్మగారు ఫోన్ చేసేవారు కాదు.

పళ్లెమా, ప్లేటా అన్నది చిన్న సంగతి. నేటి తెలుగులో ప్లేటు అంటే పాత్ర మాత్రమే కాదు, తిండికి కొలత కూడా. ‘రెండు ప్లేట్లు ఇడ్లీ’, ‘హాఫ్ ప్లేటు బజ్జీ’ అంటాం. పళ్లేనికి ఆ కొలత అర్థం లేదు, హారతి పళ్లెం, తాంబూలం పళ్లెం దాకానే దాని రాజ్యం. మీ వాక్యంలో కావలసింది కొలతే కాబట్టి అక్కడ ప్లేటే సరైన మాట. స్పెయిన్‌లో కూడా ఇది కొలతల వ్యవహారమే. అక్కడ ‘తాపా’ అంటే కాస్తంత, ‘మేదియా రాసియోన్’ అంటే సగం, ‘రాసియోన్’ అంటే నిండు ప్లేటు. మన హోటళ్లలో హాఫ్, ఫుల్ అన్నట్టే. హైదరాబాదులో ఇద్దరు వెళ్లి ‘సూప్ వన్ బై టూ’ అంటే ఒకటి తెచ్చి రెండు గిన్నెల్లో పోసి ఇస్తాడు. పంచుకునే పని వంటింట్లోనే అయిపోతుంది. మీ రెస్టారెంటులో అది బల్ల మీద అవుతుంది.

ఇక అసలు మాట. తాపాస్‌కు తెలుగు ఉందా? స్పానిష్‌లో ‘తాపా’ అంటే మూత, ‘తాపార్’ అంటే మూయడం. దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియాలో షెర్రీ అనే వైన్ గ్లాసు మీద ఈగలు వాలకుండా రొట్టె ముక్కో, మాంసం పలకో మూతగా పెట్టేవారని, అదే ఈ పేరైందని చెప్పుకుంటారు. రాజుల పేర్లతోనూ కథలున్నాయి, వాటిని కథలుగానే వినాలి. ఏదైనా ‘మూతలు’ అని అనువదిస్తే పని జరగదు. ఇది మద్యంతో పాటు తినే తిండి అన్నది మాత్రం గట్టి సంగతి. అక్కడి గ్రనడా నగరంలో నేటికీ పానీయం అడిగితే దాంతోపాటు ఒక తాపా ఉచితంగా వస్తుంది. ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ సీమలో దాన్ని ‘పించో’ అంటారు, గుచ్చడం అనే మాట నుంచి. పుల్లకు గుచ్చిన ముక్కలు తిని, చివర పుల్లలు లెక్కపెట్టి బిల్లు కట్టే పద్ధతి అక్కడిది. వెనిస్‌లో చిన్న మద్యశాలల్లో ఒక చిన్న గ్లాసు వైన్‌తో తినేవి ‘చిక్కెత్తి’.

మద్యంతో పాటు తినేదానికి సంస్కృతంలో పేరు ఉంది. అమరకోశం మద్యం పేర్లు చెప్పిన వెంటనే ‘అవదంశం’ అనే మాట ఇస్తుంది, సరిగ్గా ఈ అర్థంలోనే. మాట చక్కనిదే. కానీ మీ పాఠకుల్లో నూటికి ఒక్కరికైనా తెలుస్తుందా? మన బార్లలో అందరి నోటా ఉన్నది ‘మంచింగ్’. ‘మంచింగ్ ఏం తెచ్చావ్?’ అని ఇంగ్లీషువాళ్లు అనరు, మనమే అంటాం, కాబట్టి అది ఇప్పుడు తెలుగు మాటే. అయితే దాన్ని వినగానే గ్లాసు కళ్లముందు మెదులుతుంది. పిల్లలతో కూర్చుని తిన్న రాత్రి భోజనానికి అది అతకదు. ‘నంజుకోవడం’లో ఇంకేదో ప్రధానంగా ఉండి ఇది పక్కన ఉంటుంది, పప్పన్నంలో ఆవకాయ నంజుకున్నప్పుడు ప్రధానం పప్పన్నమే. ‘చిరుతిండి’ రెండు భోజనాల మధ్య తినేది. మీరు తిన్నది అసలు భోజనమే, కాకపోతే ముక్కలు ముక్కలుగా వచ్చింది.

అందుకని నా సలహా, పేరును పేరుగానే ఉంచండి. తాపాస్ తాపాసే, చిక్కెత్తి చిక్కెత్తే. ఇడ్లీకి స్పానిష్ పేరు వెతకమని మనం ఎవరినీ అడగం. తెలుగు చూపించవలసింది తినే పని చెప్పేచోట. స్పెయిన్ మెనూల్లో ఇలాంటి వంటకాల మీద ‘పారా కొంపర్తీర్’ అని ఉంటుంది, పంచుకోవడానికి అని. చూడండి, వాళ్లు కూడా ప్లేటు పేరెత్తలేదు, చేసే పనే చెప్పారు. తెలుగులో మెనూకు శీర్షిక కావాలంటే ‘కలిసి తినడానికి’ అన్నది చాలు, ఏ సమాసమూ అక్కర్లేదు.

చివరగా రాత. స్పానిష్, ఇటాలియన్ భాషల్లోని త మన త లాగే పళ్లకు నాలుక ఆనించి పలికేది. ట అన్నది ఇంగ్లీషు మీదుగా వచ్చిన అలవాటు. పాస్తాను మనం ఇప్పటికే త తో రాస్తున్నాం, అదే దారిలో తాపాస్, చిక్కెత్తి, బ్రుస్కెత్తా అని రాయండి. ఆ చివరి మాటను, అంటే కాల్చిన రొట్టె ముక్క మీద టమాటాలాంటివి పెట్టి ఇచ్చేదాన్ని, చాలామంది బ్రుషెట్టా అంటారు గానీ ఇటాలియన్‌లో అక్కడ ఉన్నది క. పిజ్జా స్థిరపడిపోయింది, దాన్ని కదపకండి. ‘అంతిపాస్తో’లోని పాస్తో పాస్తా కాదు, భోజనం. భోజనానికి ముందు వచ్చేది అని ఆ మాటకు అర్థం, కాబట్టి ‘యాంటీ పాస్తా’ అని విడదీయకూడదు. తాపాస్‌లో రెండో అక్షరానికి దీర్ఘం తప్పకుండా ఉంచండి. విభక్తి చేరేసరికి అది ‘తాపాసుల్లో’ అవుతుంది, దీర్ఘం జారితే ‘తాపసుల్లో’ అయి మునుల మధ్యకు వెళ్లిపోతారు. తాపాస్ అప్పటికే బహువచనం, అంచేత కర్తగా వచ్చినప్పుడు చిప్స్, నూడుల్స్ లాగా లు లేకుండానే ‘తాపాస్ వచ్చాయి’ అనవచ్చు. ఒక్కటే అయితే ‘ఒక తాపా’. బ్రుస్కెత్తా లాంటి అచ్చుతో ముగిసే ఇటాలియన్ మాటలతో ఏ ఇబ్బందీ లేదు, మన మాటల్లాగే బ్రుస్కెత్తాలు, బ్రుస్కెత్తాకి, బ్రుస్కెత్తాలో అని హాయిగా రాసుకోండి.