మంచు మోకాలి లోతే ఉన్నా గైడ్ ఎందుకు వెనక్కి తిప్పారంటే

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠ ట్రెక్‌లో మంచు మోకాలి లోతే ఉన్నా గైడ్ మిమ్మల్ని ఎందుకు వెనక్కి తిప్పారని అడిగారు. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం వల్ల. దానికి మంచు పలచగా ఉండటమే కారణం. డిసెంబరు చలికి ఆ పలచటి మంచు అడుగుపొర మన నౌపడా కల్లుప్పులా పొడిపొడిగా మారుతుంది, అతుక్కోదు. దానిపై కొత్త మంచు పడితే పలకలా జారిపోవచ్చు.

"మా దారి చదునుగానే ఉంది" అని మీరన్నారు. అందరూ పొరబడేది ఇక్కడే. చూడాల్సింది కాళ్ల కింద కాదు, తల పైన. పైన 30 నుంచి 45 డిగ్రీల వాలుంటే, అక్కడి మంచు విరిగి చదునులో ఉన్న మీ మీదికే రావచ్చు. ఫోన్ యాప్‌తో వాలు కొలవండి.

మళ్లీ కేదార్‌కాంఠ వెళ్తే:

1. ఆమదాలవలసలో రైలెక్కే ముందు, అక్కడికెళ్లాక రోజూ, డీఆర్‌డీవో వారి డీజీఆర్‌ఈ అనే సంస్థ ఇచ్చే మంచు చరియల హెచ్చరిక బులెటిన్‌లో ఉత్తరకాశీ జిల్లా చూడండి.
2. కొత్త మంచు పడితే ఒకటి రెండు రోజులైనా ఆగండి.
3. అడుగేస్తే మంచు 'ధుబ్' మని కుంగిందా, వెంటనే వెనక్కి. టికెట్ డబ్బులు పోతే పోనివ్వండి.