ఎకో బాగున్నా గుండె ఎందుకు పరుగెడుతుంది?

ప్రశ్న: మా అక్కయ్యకు 36 ఏళ్లు. ఏడాదికి మూడు నాలుగుసార్లు ఉన్నట్టుండి గుండె దడ మొదలై, అరగంట తర్వాత స్విచ్ ఆపినట్టు ఆగిపోతుంది. ఆ సమయంలో గొంతు దగ్గర దబదబ కొట్టుకుంటుందని, తగ్గాక పదేపదే మూత్రం వస్తుందని చెబుతుంది. ఎకో, ఈసీజీ మామూలుగా ఉండటంతో ఇంట్లో అందరూ టెన్షనే అన్నారు. ఈమధ్య దడ ఉండగా తీసిన ఈసీజీలో నిమిషానికి 184 సార్లు కొట్టుకోవడం కనబడింది. డాక్టరు గారు ‘ఎస్‌వీటీ’ (గుండె పై గదుల్లో గానీ, వాటి చేరువలో గానీ మొదలయ్యే వేగపు దడ) అని, అబ్లేషన్ (దడకు కారణమైన దారిని పనికిరాకుండా చేసే చికిత్స) చేయించుకోమన్నారు. గుండె బాగున్నప్పుడు అది అవసరమా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఎకోలో గుండె కండరం, కవాటాలు కనబడతాయి గానీ వాటిని నడిపే విద్యుత్ సంకేతం ఏ దారిన పోతున్నదో కనబడదు. దడ లేని వేళ తీసిన ఈసీజీ కూడా చాలామందిలో మామూలుగానే ఉంటుంది. ఆ రెండింటినీ చూసి టెన్షన్ అని తేల్చడం సరికాదు; మన ఇళ్లలో ఆడవాళ్ల దడకు ఈ పేరు మరీ సులువుగా పెట్టేస్తారు.

కుడి కర్ణిక పైభాగాన ఉన్న సైనస్ నోడ్‌లో పుట్టిన సంకేతం కర్ణికల్లో వ్యాపించి, కర్ణికలకూ జఠరికలకూ నడుమ ద్వారంలా ఉండే ఏవీ నోడ్ దగ్గర సుమారు సెకనులో పదో వంతు నెమ్మదించి, అక్కడి నుంచి జఠరికలకు చేరుతుంది. జఠరికలన్నీ ఉత్తేజితమయ్యాక, ముందుకు సాగడానికి కోలుకున్న కండరం ఎక్కడా మిగలదు కనుక సంకేతం అక్కడితో ఆరిపోతుంది.

కొందరిలో ఏవీ నోడ్ పరిసరాల్లో సంకేతానికి రెండు దారులుంటాయి. ఒకటి సంకేతాన్ని వేగంగా పంపుతుంది గానీ ఆలస్యంగా కోలుకుంటుంది. రెండోది నెమ్మదిగా పంపినా త్వరగా కోలుకుంటుంది. వేళకు ముందే ఒక అదనపు స్పందన వచ్చిందనుకోండి. వేగపు దారి ఇంకా కోలుకోకపోవడం వల్ల సంకేతం నెమ్మది దారిలో దిగుతుంది. అది అడుగుకు చేరేలోగా వేగపు దారి కోలుకుని ఉంటే, దాని గుండా పైకెక్కి, మళ్లీ నెమ్మది దారిలో దిగుతూ తిరుగుతూనే ఉంటుంది. ఒక్కో చుట్టుకు గుండె ఒక్కసారి కొట్టుకుంటుంది. అప్పుడు కర్ణికలు, జఠరికలు దాదాపు ఒకేసారి ముడుచుకోవడంతో కర్ణికలోని రక్తం మూసుకున్న కవాటానికి తగిలి మెడ సిరల్లోకి తన్నుతుంది. గొంతులో దబదబ అదే. సాగిన కర్ణికలు విడుదల చేసే హార్మోన్ వల్ల మూత్రం ఎక్కువవుతుంది. మీరు రాసిన లక్షణాలు ఈ రకానికే ఎక్కువ సరిపోతున్నాయి. కర్ణికకూ జఠరికకూ మధ్య అదనపు కండరపు పోగు ఉన్నవారిలోనూ ఇలాంటి చుట్టే ఏర్పడవచ్చు కనుక తుది మాట ఆ ఈసీజీ చూసిన వైద్యులదే.

లయ తప్పడానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఏదో ఒక కణజాలం తనంతట తానే వేగంగా సంకేతాలు పుట్టించవచ్చు. అలాంటి దడ సాధారణంగా క్రమంగా పెరిగి క్రమంగా తగ్గుతుంది. కొన్ని మందుల వల్ల గానీ, పొటాషియం తగ్గడం వల్ల గానీ ఒక స్పందన వెనకే మరొకటి పుట్టుకు రావచ్చు. మీ అక్కయ్యకు దడ ఒక్క క్షణంలో మొదలై ఒక్క క్షణంలో ఆగడమే చుట్టు తిరుగుడుకు బలమైన ఆధారం.

జార్జ్ రాల్ఫ్ మైన్స్ అనే శాస్త్రవేత్త 1913, 1914ల్లో వెలువరించిన వ్యాసాల్లో, గుండె కండరపు వలయంలో సంకేతం ఇలా తిరగగలదని చూపి, వలయాన్ని ఒకచోట కోస్తే అది ఆగిపోవాలని చెప్పారు. అబ్లేషన్ చేసేదీ అంతే: తొడ మొదట్లోని సిర గుండా సన్నని గొట్టాన్ని పంపి, నెమ్మది దారిని వేడితో పనికిరాకుండా చేస్తారు. ఈ రకంలో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. ఏవీ నోడ్ దెబ్బతిని పేస్‌మేకర్ అవసరమయ్యే ప్రమాదం సుమారు ఒక శాతం లేదా అంతకంటే తక్కువ. ఏడాదికి మూడు నాలుగుసార్లే వస్తూ, దానంతటదే ఆగుతుంటే వేచి చూడటమూ తప్పు కాదు. కానీ దడ భయంతో ఆవిడ ఒంటరిగా ప్రయాణాలు మానుకునే పరిస్థితి ఉంటే నేను అబ్లేషన్ వైపే మొగ్గుతాను.

అప్పటిదాకా దడ రాగానే సగం వాలి కూర్చుని, 10 మిల్లీలీటర్ల ఖాళీ సిరంజిలోకి, ముషలకం (సిరంజి లోపల జరిగే కడ్డీ) కాస్త కదిలేంత బలంగా 15 సెకన్లు ఊది, వెంటనే వెల్లకిలా పడుకోవాలి. పక్కనున్నవారు కాళ్లను 15 సెకన్లు ఎత్తి పట్టుకోవాలి. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ పద్ధతితో 43 శాతం మందికి లయ కుదుటపడగా, కాళ్లెత్తని పాత పద్ధతితో 17 శాతం మందికే కుదుటపడింది. ముందుగా మీ వైద్యుల దగ్గర ఒకసారి చేసి చూపించుకోండి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా ఇంట్లో ప్రయత్నాలు చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దడ ఉండగా తీసిన ఆ ఈసీజీ కాగితం వెలిసిపోకముందే ఫొటో తీసి భద్రపరచండి. అబ్లేషన్ చేసే డాక్టరు మొదట అడిగేది దాన్నే.